లాకుకు అటూ ఇటూ పడ్డ పిన్నులు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఎండాకాలం బదిలీల్లో, నన్ను కృష్ణా డెల్టా దిగువన ఒక మురుగు కాలువల డివిజనుకు కార్యనిర్వాహక ఇంజనీరుగా వేశారు. ఆఫీసు విజయవాడలో, పని సముద్రం పక్కన. మా శాఖలో సాగునీటి కాలువలు చూసేవాళ్లకు దండలు పడతాయి, మురుగు కాలువలు చూసేవాళ్లకు తిట్లు పడతాయి. నీళ్లిచ్చేవాడు అందరికీ కనిపిస్తాడు. పొలాల్లో వాడేసిన నీటినీ, వాననీటినీ తీసుకెళ్లి సముద్రంలో కలిపేవాడు మాత్రం, అవి కలవని రోజునే గుర్తొస్తాడు. నేను చెప్పబోయేది ఆ ఏడాది నవంబరు ఆఖరులో వచ్చిన ఒక తుపాను సంగతి.

ముందు లాకు గురించి చెప్పాలి. మా డివిజనులో ఒక పెద్ద డ్రెయిను సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన ఒక స్లూయిస్ ఉంది. ఊళ్లో వాళ్లు దాన్ని లాకు అంటారు, నేనూ అలాగే అంటాను. దానికి వరసగా ఇనుప తలుపులుంటాయి. వాటిని షట్టర్లంటాం. పైన సన్నటి ప్లాట్‌ఫారం మీద మనుషులు నిలబడి మరచక్రం తిప్పితే ఒక్కో షట్టరూ అంగుళం అంగుళంగా దిగుతుంది, అలాగే లేస్తుంది. మోటార్లు పెట్టించమని నాకు ముందున్నవారు ప్రతిపాదన పంపారు. నేనూ పంపాను. నా తరువాత వచ్చినవారు కూడా పంపే ఉంటారు.

తలుపులు తెరిచి ఉంటే పొలాల నీరు సముద్రంలోకి పోతుంది. సముద్రం పొంగితే అదే దారిన ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది. మూస్తే ఉప్పునీరు రాదు, కానీ వాననీరూ బయటికి పోదు. మామూలు రోజుల్లో ఇది పెద్ద చిక్కు కాదు. తుపాను వచ్చినప్పుడే చిక్కు. తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. దాని వెనక నిలబడి అది పోయే వైపు చూస్తున్నామనుకోండి. కుడిచేతి పక్క గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. ఎడమచేతి పక్క గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది, నీళ్లు వెనక్కి తగ్గుతాయి. అంటే తుపాను బాపట్ల వైపు తీరం దాటితే మా లాకు దానికి కుడి పక్కన పడుతుంది, ఉప్పెన వస్తుంది, తలుపులు మూసి ఉండాలి. బందరు దాటి పైకి పోతే ఎడమ పక్కన పడుతుంది, వచ్చేది వాన ఒక్కటే, తలుపులు తెరిచి ఉండాలి. ఎడమో కుడో ముందే తెలిస్తే నా ఉద్యోగం ఎవరైనా చేయొచ్చు.

ఇక గ్రూపు. విజయవాడలో తుపాన్లంటే పిచ్చి ఉన్నవాళ్లు కొందరు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దాన్ని నడిపేది ఫిలిప్ మాస్టారు. ఇంటర్ కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు, నలభై దాటిన మనిషి. పొట్టిగా, చురుగ్గా ఉంటారు, ఒక చోట నిలబడి మాట్లాడటం చేతకాదు. మా డ్రెయిన్ల నీటిమట్టాలు అడగడానికి ఒకసారి ఆఫీసుకు వచ్చి, వెళ్లేటప్పుడు నన్ను గ్రూపులో చేర్చి వెళ్లారు. ఆయనకు యూరప్ మోడల్ మీద గురి. మోడల్ అంటే రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ పద్ధతి. ఒక్కో దేశం ఒక్కోటి నడుపుతుంది, రోజుకు కొన్నిసార్లు కొత్త లెక్క వస్తుంది.

ఆయనకు జోడీ, పోటీ కూడా, సుబ్బారాయుడు గారు. వన్ టౌన్‌లో బట్టల కొట్టు. నేత కుటుంబం. చిన్నప్పుడు వీధి పొడుగునా పడుగు నూలు సాగదీసి గంజి పట్టించేటప్పుడు, రేపు ఎండ కాస్తుందా లేదా అని ఆకాశం చూసే పని ఈయనదేనట. ఆ అలవాటు కొట్టు యజమాని అయ్యాక ఉపగ్రహ చిత్రాల మీదికి మళ్లింది. ఆయన అమెరికా మోడల్ మనిషి. ఇద్దరూ మోడళ్ల గురించి మాట్లాడుకోవడం వింటే సొంత అల్లుళ్ల గురించి చెప్పుకుంటున్నారనిపించేది. మైలవరం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ మేడ మీద వానమాపకం పెట్టుకుని రోజూ కొలత పంపేవారు. వానలేని రోజున కూడా పంపేవారు. నేను ప్రభుత్వోద్యోగిని కనుక చదవడమే తప్ప ఏమీ రాసేవాణ్ణి కాదు.

ఈ గ్రూపుకు ఒక ఆచారం ఉంది. తుపాను తీరం దాటే రోజు పొద్దున, సుబ్బారాయుడు గారు కొట్టు తాళం తీసే వేళకల్లా, ప్రతివాళ్లూ అది ఎక్కడ దాటుతుందో పటం మీద ఒక గుర్తు పెట్టాలి. దాన్ని పిన్ను అంటారు. పడిన పిన్ను మళ్లీ జరపకూడదు. ఎవరి పిన్ను దగ్గరగా ఉంటే వాళ్లకు సుబ్బారాయుడు గారు స్వయంగా బందరు లడ్డూల పెట్టె తీసుకెళ్లి ఇస్తారు. డబ్బు పందేలు ఆయన ఒప్పుకోరు. లడ్డూలే.

ఆ నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన దగ్గర్నుంచి నా ఫోను బల్ల మీద వణుకుతూనే ఉంది. మొదట అది తమిళనాడు వైపన్నారు. తరువాత నెల్లూరన్నారు. తరువాత అది తీరానికి సమాంతరంగా పైకి జరగడం మొదలుపెట్టింది. అధికారిక బులెటిన్ ఒక గీత గీసి, దాని చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు ఆకారం వేసి పంపేది. ఆ గరాటు మూతిలో బాపట్లా ఉంది, బందరూ ఉంది. బులెటిన్ తప్పేమీ కాదు, తెలిసినంతే చెప్పింది. నాకే ఆ వెడల్పు సరిపడలేదు. నిజం చెప్పాలంటే, అది దాటే ముందు రెండు రోజులూ నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. గోడ మీది పటం దగ్గరికి వెళ్లడం, కిటికీ దగ్గరికి రావడం, ఫోను చూడటం. కొత్త లెక్క వచ్చినప్పుడల్లా గ్రూపులో గాలి మారేది. పొద్దున యూరప్ మోడల్ తుపానును బందరు పైకి తీసుకెళ్లింది, ఫిలిప్ మాస్టారి శిష్యులు చప్పట్ల బొమ్మలు పెట్టారు. సాయంత్రానికి అమెరికా మోడల్ బాపట్ల వైపు వంచింది, సుబ్బారాయుడు గారు దండం పెట్టే బొమ్మ పెట్టారు. నేను రెండుసార్లూ లాకు దగ్గరున్న మా అసిస్టెంట్ ఇంజనీరు రఫీకి ఫోను చేశాను. రెండోసారి అతను చాలా మర్యాదగా, మనుషుల్ని చక్రాల దగ్గర నిలబెట్టి ఉంచమంటారా, అన్నం తినమంటారా అని అడిగాడు.

ఆ వేళకు మా పొలాల పరిస్థితి ఇది. వరి కోతలు సగం అయ్యాయి. కోసిన చోట పైరు ఇంకా పనల మీదే ఉంది, అంటే కోసిన వరిని ఆరడానికి పొలంలోనే పరిచి ఉంచారు. కుప్ప వేయలేదు. పనలు రెండు మూడు రోజులు నీళ్లలో నానితే గింజ మొలకెత్తుతుంది. ఆ ధాన్యం ఎవరూ కొనరు. ఉప్పునీరు ఎక్కితే ఆ పంటే కాదు, నేల చౌడు బారుతుంది, తరువాతి పంటలు కూడా పోతాయి. డెబ్భై ఏడులో దివిసీమ మునగడం చూశాక, ఆ పక్క ఉప్పెన అన్న మాట ఎవరూ తేలిగ్గా వాడరు.

తుపాను దాటే రోజు పొద్దున నేను జీపులో లాకు దగ్గరికి చేరాను. ఆకాశం మబ్బు పట్టి ఉంది, గాలి ఇంకా లేవలేదు. షట్టర్లన్నీ దించడానికి పూట పడుతుంది. గాలి లేచాక ఆ సన్నటి ప్లాట్‌ఫారం మీద మనుషుల్ని నిలబెట్టకూడదు. కాబట్టి ఎటూ తేల్చుకోవలసింది మధ్యాహ్నం లోపే. మా పై అధికారి, సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి ఫోను చేస్తే, మీరు అక్కడే ఉన్నారు కదా, పరిస్థితిని బట్టి తగు చర్య తీసుకోండి అన్నారు. సర్వీసులో ఇలాంటి వాక్యాలు చాలా విన్నాను. ఏమైనా అయితే, తగు చర్య ఏదో ఆయనకు ముందే తెలుసని తరువాత బయటపడుతుంది.

అప్పుడే గ్రూపులో పిన్నులు పడటం మొదలైంది. జీపు బానెట్ మీద ఫోను పెట్టుకుని చూస్తున్నాను. సుబ్బారాయుడు గారిది బాపట్లకు ఇటు. మైలవరం టీచరమ్మది బాపట్లకు అటు. ఇంకొందరివి దివిసీమ మీదే. ఫిలిప్ మాస్టారిది చివర్లో పడింది, బందరు దాటి బాగా పైన. ఎవరిది గెలుస్తుందా అని నేనూ అందరిలాగే ఒక్క క్షణం చూశాను. తరువాత పటాన్ని దూరం జరిపి చూస్తే అసలు సంగతి కనిపించింది. తుపాన్లు చూడటంలో జీవితం గడిపినవాళ్ల పిన్నులన్నీ కలిపి చూస్తే నా లాకుకు అటు కొన్ని, ఇటు కొన్ని ఉన్నాయి. వాళ్లలో ఎవరు సరైనవారో నాకు తెలియదు, మధ్యాహ్నం లోపు తెలిసే దారీ లేదు. అలాంటప్పుడు ఏ పొరపాటు దిద్దుకోగలమో చూడాలి. నాలుగు రోజులు నిలిచే వాననీటిని మళ్లీ తోడొచ్చు. నేలలో దిగిన ఉప్పును తోడలేం.

రఫీతో మూయిద్దామని అనబోతుండగా ఫిలిప్ మాస్టారు ఫోను చేశారు. ఆయన ఎప్పుడూ గ్రూపులో రాయడమే తప్ప విడిగా ఫోను చేయరు. అప్పుడు తెలిసింది, ఆయన అక్క సలోమి మా లాకు వెనకే రెండెకరాలు కౌలుకు చేస్తోందని, చేను కోసి పనల మీద ఉందని. భర్త పోయాక ఆ రెండెకరాలే ఆవిడ ఆధారం.

"సార్, బందరు దాటి పైకే పోద్దండీ. మీ లాకు ఎడమ పక్క పడుద్ది. మూయక్కర్లేదు," అన్నారు. పొద్దున్నే అక్కకు కూడా ఫోను చేసి, మన వైపు రాదు, కంగారు పడొద్దని ధైర్యం చెప్పానన్నారు. గొంతులో తొందర తెలుస్తూనే ఉంది. గాలి పొరలు, పశ్చిమ గాలుల తాకిడి, అది ఏ వేళకు ఎలా మలుపు తిరుగుతుందో గబగబా వివరించారు. నాకు సగం అర్థమైంది, ఆ సగమూ బాగానే ఉంది. ఆయన తన అక్క కోసం లెక్క మార్చే మనిషి కాదని నాకు నమ్మకం. పిన్నూ అక్కడే పెట్టారు కదా.

ఎంత నమ్మకంగా చెబుతున్నారని అడిగాను. పదింట ఏడు పాళ్లు అన్నారు.

"మాస్టారూ, ఈ చక్రాలు మీ చేతిలో ఉంటే ఏం చేస్తారు?"

కాలేజీలో గంట మోగడం, పిల్లల అలికిడి ఫోనులో వినిపించాయి. నేను తొందర పెట్టలేదు. నాకు ఆ ప్రశ్న అడగాలని ఎందుకు అనిపించిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. బహుశా నా భారం ఇంకొకరు కాస్త పంచుకుంటే బాగుండునని.

"మూయిస్తానండీ," అన్నారు. ఫోను పెట్టేశారు.

షట్టర్లు దించమని చెప్పాను. పద్ధతి ప్రకారం సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి, తహసీల్దారు గారికి సమాచారం పంపాను. తహసీల్దారు ఆఫీసు ఊళ్లలో చాటింపు వేయించింది. తీరం దగ్గర ఉండొద్దు, జాలర్లు వేటకు వెళ్లొద్దు, పాకల్లో ఉన్నవాళ్లు స్కూలు బిల్డింగులోకి రండి. మధ్యాహ్నం దాటేసరికి షట్టర్లు పూర్తిగా దిగాయి. మనుషుల్ని ట్రాక్టరు ఎక్కించి వెనక్కి పంపేశాం. ఆ తరువాత గంటగంటకూ గాలి పెరిగింది.

తుపాను బందరు దాటి పైనే తీరం దాటింది. ఫిలిప్ మాస్టారు చెప్పిన చోటే, దాదాపు పిన్ను మీదే. మా వైపు ఉప్పెన రాలేదు. సముద్రం వెనక్కి పోయి, రోజూ నీళ్లుండే చోట ఇసుక తేలిందని మరునాడు పొద్దున జాలర్లు చెప్పారు. వాన మాత్రం తెరిపి లేకుండా కొట్టింది. తెల్లారేసరికి లాకు వెనక పొలాలన్నీ ఒకటే నీరు.

వెంటనే షట్టర్లు ఎత్తాలి. కానీ దారిలో చెట్లు పడ్డాయి, ఒక చోట రోడ్డే తెగింది. మేం చేరేసరికి డ్రెయిన్లోని గుర్రపుడెక్క అంతా కొట్టుకొచ్చి లాకు దగ్గర చాపలా పేరుకుంది. గుర్రపుడెక్క అంటే నీటి మీద దట్టంగా అల్లుకునే పిచ్చిమొక్క, మా శాఖకు ఆజన్మ శత్రువు. దాని బరువుకూ, వెనక నీటి ఒత్తిడికీ షట్టర్లు కదలలేదు. కొక్కాలు పెట్టి లాగడం మొదలుపెట్టాం. కొంతసేపటికి చూస్తే మా మనుషుల మధ్య, మోకాళ్ల లోతు నీళ్లలో, ప్యాంటు మడిచి ఫిలిప్ మాస్టారు ఉన్నారు. విజయవాడ నుంచి మోటారు సైకిల్ మీద, తెగిన రోడ్డు చుట్టూ తిరిగి వచ్చారు. చొక్కా విప్పి గట్టు మీద పెట్టారు, దాని జేబులో ఫోను ఆగకుండా వణుకుతోంది. ఒకసారి గట్టెక్కి చూసి నాకు చూపించారు. గ్రూపంతా చప్పట్లు. ఇంత దగ్గరగా ఎవరి పిన్నూ ఎప్పుడూ పడలేదని సుబ్బారాయుడు గారు రాశారు. ఫిలిప్ మాస్టారు ఫోను మళ్లీ జేబులో పెట్టి నీళ్లలోకి దిగారు.

మొదటి షట్టరు మరునాటికి గాని లేవలేదు. నీళ్లు తీసేసరికి ఇంకో రెండు రోజులు. పనలు మొలకెత్తాయి.

వారం తరువాత షట్టర్ల గేరు చూడ్డానికి మళ్లీ వెళ్లాను. రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. అంతా నల్లబడి, తెల్లటి మొలకలతో. అక్కడే సలోమిని మొదటిసారి చూశాను. కాళ్లతో ధాన్యం తిరగేస్తోంది. పక్కన ఫిలిప్ మాస్టారు, సుబ్బారాయుడు గారు. సుబ్బారాయుడు గారి చేతిలో లడ్డూల పెట్టె. ఆచారం తప్పకూడదని, విజేత ఎక్కడుంటే అక్కడికి వెతుక్కుంటూ వచ్చేశారు పాపం. వచ్చాక అక్కడి పరిస్థితి చూసి, పెట్టె ఇవ్వాలో వద్దో తెలియక అలా పట్టుకుని నిలబడ్డారు.

ఆ పెట్టె ఎందుకని సలోమి అడిగింది. తుపాను ఎక్కడ దాటుతుందో సరిగ్గా చెప్పినందుకని తమ్ముడు చెప్పారు. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన ఆ పని చేయలేదు.

"సరిగ్గానే చెప్పావుగా. మరి మనకెందుకు తడిసిందిరా?"

లాకు మూయించింది నేనని నేను చెప్పాను. ఫిలిప్ మాస్టారు నన్ను ఆపారు. సారు నన్ను అడిగారక్కా, నేనూ మూయమనే చెప్పాను అన్నారు. ఆవిడ అరుస్తుందనుకున్నాను, లేదా ఏడుస్తుందనుకున్నాను. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఉప్పునీటి గురించి, దిద్దుకోగల పొరపాటు గురించి, పిన్నులు అటూ ఇటూ పడటం గురించి.

"మూశారు, మంచిదే," అంది సలోమి. "ఉప్పునీళ్లెక్కితే ఏమవుద్దో నాకు తెలవదా? మూస్తున్నామని నాకొక్క మాట చెప్పుంటే, మధ్యాహ్నానికే నలుగుర్ని పెట్టి పనలు గట్టుకి మోయించుకునేదాన్ని. నువ్వేమో ఫోన్ చేసి కంగారు పడొద్దన్నావు."

నా సిద్ధమైన జవాబు ఆ మాటకు కాదు. ఫిలిప్ మాస్టారి ముఖం చూడలేకపోయాను. ఆయన పొద్దున అక్కకు తుపాను ఎటు పోతుందో చెప్పారు. ఆ తరువాత నాకు తలుపులు మూయమని చెప్పారు. రెండూ నిజాయితీగా చెప్పినవే. మొదటి ఫోనుకూ రెండో ఫోనుకూ మధ్య ఆవిడ చేను ఉందని ఆ హడావుడిలో ఆయనకు తట్టలేదు. చాటింపులో తీరం గురించి చెప్పారు, లాకు గురించి లేదు. చెప్పాలని మా పద్ధతిలో ఎక్కడా లేదు. తుపాను ఎటు పోతుందో తెలుసుకోవడానికి అన్ని రోజులు నిద్రాహారాలు మానుకున్న మాలో ఎవరికీ, ఆవిడకు కావలసిన వార్త తుపానుది కాదు, లాకుది అని తోచలేదు. లాకు వార్త తుపాను కంటే ఒక పూట ముందే మా చేతిలో ఉంది.

సుబ్బారాయుడు గారు చివరికి పెట్టె తెరిచి ధాన్యం తిరగేస్తున్న ఆడవాళ్లందరికీ లడ్డూలు పంచారు. సలోమి కూడా తీసుకుంది. ఫిలిప్ మాస్టారు తీసుకోలేదు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా నా డివిజనులో లాకు తలుపులు దించమని చెప్పేటప్పుడు మొదటి ఫోను పై అధికారికి వెళ్లలేదు. తలుపుల వెనక ఉన్న ఊళ్లకు వెళ్లింది. నీళ్లు నిలుస్తాయి, పనలు ఎత్తుకోండి అని చెప్పడం, ఆ తరువాతే చక్రం తిప్పడం. దీనికి ఉత్తర్వేమీ లేదు, అడ్డు చెప్పినవాళ్లూ లేరు. ఆ తుపాను నాకు నేర్పింది ఇది. అంచనా అనేది అందరిదీ, దాని మీద వాదించుకోవచ్చు. నిర్ణయం మనది, అది ఎవరి చేను మీద పడుతుందో వాళ్లకు ముందు చెప్పాలి. అంచనా తప్పినా ఒప్పినా ఇది మారదు.

తరువాతి ఏడాది మరో తుపాను వచ్చింది. గ్రూపులో మళ్లీ అదే గోల, అవే మోడళ్లు, అవే చప్పట్లు. ఈసారి ఫిలిప్ మాస్టారు ముందు అక్కకు ఫోను చేశారట. ఎటు పోతుందో ఒక్క ముక్క చెప్పకుండా, పనలు గట్టెక్కించమని మాత్రం చెప్పి, ఆవిడ ఎక్కించానని చెప్పాకే పిన్ను పెట్టారు. ఆ పిన్ను చాలా దూరం తప్పింది. సలోమి ధాన్యం తడవలేదు.